సఖ్యం ఎనిమిదవ మెట్టు

విజయదశమి సాయంకాలం చింతమడకలో జమ్మిపూజ ముగిసిన తరువాత ఒక గంటసేపు కనిపించే దృశ్యం చూచి తీరవలసినది. పాలపిట్ట దర్శనం చేసుకొని వచ్చిన పెద్దలు, కొత్త బట్టల్లో పిల్లలు, పట్నం నుండి ఆ ఒక్క రోజుకోసం వచ్చిన ఉద్యోగులు, అందరి చేతుల్లోనూ గుప్పెడు జమ్మి. మన ప్రాంతంలో దానిని ఆకు అనరు, బంగారం అంటారు. చిన్నవారు ఆ బంగారాన్ని పెద్దల చేతిలో పెట్టి పాదాలకు మ్రొక్కుతారు. సమవయస్కులు ఒకరికొకరు ఇచ్చుకొని అలాయ్ బలాయ్ తీసుకొంటారు. పొలం గట్టు తగాదాతో ఏడాది పొడవునా మాటలు లేనివారు కూడా ఆ గంటలో ఎదురుపడక తప్పదు. పాండవులు ఆయుధాలు దాచింది ఈ చెట్టు మీదనే కదా అన్న స్మృతి ఎక్కడో లోపల పనిచేస్తూ ఉంటుందేమో, కోపాలు కొంతసేపు చెట్టెక్కుతాయి.

సిద్దిపేట గ్రామీణ మండలంలోని ఈ ఊరు తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు జన్మస్థలంగా అందరికీ తెలుసు. నాకు మాత్రం అది అత్తవారి ఊరు. ఉపాధ్యాయవృత్తిలో ఉండి సిద్దిపేటలో స్థిరపడిన నేను పెళ్ళయిన నాటి నుండి దసరాకు అక్కడికి వెళుతున్నాను. 2016 దసరా నాడు, అక్టోబరు 11న, సిద్దిపేట జిల్లాగా అవతరించినప్పుడు కూడా నేను ఆ జమ్మి దగ్గరే ఉన్నాను. ఊరి అల్లుడికి దొరికే మర్యాదకు లోటు ఉండదు. మంచం వాలుస్తారు, చెంబుతో నీళ్ళిస్తారు, తనకంటే చిన్నవాడైనా సరే "సారూ" అని నిలబడి మాట్లాడుతారు. ఇరవై ఏళ్ళలో ఆ ఊరిలో నాకు తెలియని ముఖం లేదు. తెలిసిన మనసు మాత్రం ఒక్కటీ లేదు. ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. మర్యాద మనుషులను దగ్గరకు చేర్చే వస్తువని అనుకొంటాం గాని, ఎంత దూరంలో నిలపాలో అంత దూరంలో నిలిపేది కూడా అదే.

ఉద్యోగాలు చేసి, పిల్లలను చదివించి, వారు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళిన తరువాత ఇంటిలో మిగిలిన దంపతులను అడిగి చూడండి. పరిచయస్థులు వందలమంది ఉంటారు. ఉదయం నడకలో నమస్కారం పెట్టేవారు, గుడిలో ప్రసాదం అందించేవారు, పెండ్లిపిలుపు మరువనివారు. అర్ధరాత్రి పూట సంకోచం లేకుండా లేపగలిగినవారు ఎందరు అంటే జవాబు వెంటనే రాదు. చిన్ననాటి నేస్తాలు ఏ ఊళ్ళలో ఉన్నారో తెలియదు. ఈ వయసులో కొత్తగా స్నేహాలేమిటి, అవి చిన్నతనంలో కలగాలి, లేదా ఋణానుబంధం ఉండాలి అని సమాధానపడతాం.

ఈ సమాధానాన్ని మన వాఙ్మయం అంగీకరించినట్లు నాకు తోచదు.

భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో శ్రవణం మొదటిది, ఆత్మనివేదనం తొమ్మిదవది. సఖ్యం ఎనిమిదవది. వినడం, కీర్తించడం, స్మరించడం, పాదసేవ, అర్చన, వందనం, దాస్యం ఇవన్నీ దాటిన తరువాత గాని ఆ మెట్టు రాదు. నమస్కారం ఆరవ మెట్టు, సేవ ఏడవ మెట్టు. మన పరిచయాలన్నీ ఆరవ మెట్టు దగ్గర ఆగిపోయినవే. మంచివారమైతే ఏడవ మెట్టు ఎక్కి ఇతరులకు ఉపకారం చేస్తాం. అక్కడి నుండి పైకి పోవాలంటే కాలు రాదు. సఖ్యభక్తికి నిదర్శనంగా పెద్దలు చెప్పే అర్జునుడు విశ్వరూపం చూచిన తరువాత దేనికి క్షమాపణ అడిగాడు? కలిసి తిరిగినప్పుడు, కూర్చున్నప్పుడు, భోంచేసినప్పుడు పరిహాసంగా ఓ కృష్ణా, ఓ యాదవా, ఓ సఖా అని పిలిచానే అని. స్వామి ఆ పిలుపును తప్పు పట్టలేదు. మళ్ళీ సౌమ్యమైన మానుషరూపంతోనే ఎదుట నిలిచాడు.

చిన్ననాటి స్నేహమే గట్టిదన్న మాటకు పురాణాలు రెండు వైపులా సాక్ష్యం ఇస్తాయి. కృష్ణ కుచేలులు ఒకే గురుకులంలో చదివారు, ఆ స్నేహం నిలిచింది. ద్రోణ ద్రుపదులూ ఒకే ఆశ్రమంలో చదివారు. ఆ స్నేహం నిండుసభలో తిరస్కారంగా మారి, చివరకు కురుక్షేత్రంలో ఇద్దరి ప్రాణాలనూ తీసింది. కాబట్టి బాల్యం దానంతట అది హామీ కాదు. ఇక పెద్దయిన తరువాత, అదీ కష్టకాలంలో, ముక్కూ ముఖం తెలియని ఇద్దరు స్నేహితులైన కథ కావాలంటే కిష్కింధాకాండ తెరవాలి.

రామకథలో ఈ ఘట్టాన్ని మనం త్వరగా దాటేస్తాం. వాలివధ ధర్మమా అధర్మమా అన్న చర్చలో పడి, అంతకు ముందు వాల్మీకి ఎంత ఓపికగా స్నేహాన్ని నిర్మించాడో గమనించము. ఇద్దరూ రాజ్యం పోగొట్టుకొన్నవారే, ఇద్దరూ భార్యకు దూరమైనవారే. మొదట సుగ్రీవునికి కలిగింది భయం. విల్లంబులు పట్టిన ఈ ఇద్దరూ వాలి పంపినవారేమో అని కొండ మీద ఒక శిఖరం నుండి మరొక శిఖరానికి గెంతాడు. నడుమ హనుమంతుడు ఉన్నాడు గనుక ఆ భయం మాటగా మారింది. తరువాత సుగ్రీవుడు చేయి చాపి, నాతో స్నేహం ఇష్టమైతే ఈ చేయి పట్టుకో అన్న అర్థంలో అడిగాడు. ఒక వానరరాజు, రేపు ఏమవుతాడో తెలియని ప్రవాసి, అడగడానికి సిగ్గుపడలేదు. రాముడు ఆ చేయి పట్టుకొన్నాడు, కౌగిలించుకొన్నాడు. హనుమంతుడు కట్టెలు రాపాడించి అగ్నిని పుట్టించాడు. ఇద్దరూ ప్రదక్షిణం చేశారు. అటుపైన సుగ్రీవుడు పూలు, చిగుళ్ళు ఉన్న సాలవృక్షపు కొమ్మ విరిచి పరిచాడు, ఇద్దరూ దాని మీద కూర్చున్నారు. ఒకే కొమ్మ మీద. నాకు ఈ వివరం అగ్నిసాక్షి కంటే ఎక్కువ నచ్చుతుంది.

కూర్చున్న తరువాత కష్టాలు చెప్పుకొన్నారు. సీతమ్మ జారవిడిచిన నగల మూట చూచి రాముడు కన్నీరు పెట్టుకొంటే, సుగ్రీవుడు ఓదార్చాడు. నాకూ భార్యావియోగం ఉంది, అయినా ధైర్యం విడువలేదు చూడు అన్నాడు. లోకాన్ని ఓదార్చవలసిన వాడు ఒక వానరుని ఓదార్పు పుచ్చుకొన్నాడు. అందుకు చిన్నబోలేదు, నీవంటి బంధువు దొరకడం కష్టమని మెచ్చుకొన్నాడు.

పంచతంత్రంలో ప్రీతికి ఆరు లక్షణాలు చెప్పారు. ఇవ్వడం, పుచ్చుకోవడం, రహస్యం చెప్పడం, అడగడం, భుజించడం, భోజనం పెట్టడం. ఆరు అంటారు గాని అవి మూడు జంటలు. ప్రతి జంటలోనూ ఒకటి మనకు సులభం, ఒకటి కష్టం. ఇవ్వడంలో గౌరవం ఉంది, పుచ్చుకోవడంలో తల వంచవలసి వస్తుంది. పదిమందికి భోజనం పెడతాం, ఒకరి ఇంట పిలవకుండా వెళ్ళి తినం. ఎదుటివాని కష్టం అడుగుతాం, మన కష్టం దాచుకొంటాం. పరులకు భారం కారాదు అన్న సంస్కారం మనకు ఉగ్గుపాలతో వచ్చింది. మంచి సంస్కారమే, కాదనను. అయితే దానిని అతిగా పాటించినవాడు ఎప్పటికీ దాతగానే మిగులుతాడు, మిత్రుడు కాలేడు. కుచేలుడు అటుకుల మూట ఇవ్వడానికి సిగ్గుపడి దాచుకొంటే, శ్రీకృష్ణుడే చేయి చాచి లాక్కొని తిన్నాడు. సమస్త సంపదలూ ఇవ్వబోయేవాడు ముందు తాను పుచ్చుకొన్నాడు. ఋణానుబంధం అన్న మాటలోనే ఋణం ఉంది కదా. ఎవరికీ ఋణపడనివానికి అనుబంధం ఎక్కడి నుండి వస్తుంది?

ఈ విద్య మన ఇళ్ళలో స్త్రీలకు తెలుసు. పురుషుడు పుట్టిన ఊరిలోనే పెరిగి, అక్కడి నేస్తాలతోనే ముసలివాడు కావచ్చు. స్త్రీ అలా కాదు. పెండ్లి అయిన మరునాడు తెలియని ఊరికి, తెలియని వాడకట్టుకు వస్తుంది. పెద్దయిన తరువాత కొత్తగా స్నేహితులను సంపాదించుకోవడం ఆమెకు విలాసం కాదు, ఊపిరి. అందుకే కాబోలు మన పూర్వులు ఆమె కోసం ఇన్ని కలయికలు ఏర్పరచారు. ఎంగిలిపూల నాటి నుండి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు కోసం కలిసి తిరగడం, ఒకరి వాకిట్లో కూర్చొని పేర్చడం, ఒకే వలయంలో చప్పట్లు కలపడం, చెరువులో సాగనంపిన తరువాత గట్టు మీద సద్దులు, మలీద ముద్దలు పంచుకోవడం. నోములలో వాయినం ఇచ్చేటప్పుడు ఇచ్చే ఆమె ఇస్తినమ్మ వాయినం అనాలి, ఎదుటి ఆమె పుచ్చుకొంటినమ్మ వాయినం అని బదులు పలకాలి. పుచ్చుకొన్నానని నోటితో చెప్పనిదే నోము పూర్తి కాదు. ఇచ్చేవారి పుణ్యం పుచ్చుకొనేవారి మాటలో ఉంది. మగవారికి ఇటువంటి నోము ఏదీ లేకపోయిందే అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పూర్తిగా లేదనడం కూడా సరికాదు. సిద్దిపేట, కరీంనగర్ పల్లెల్లో చిరుతల రామాయణం కట్టేవారు. పగలంతా పొలంలో పనిచేసి, రాత్రి గురువు ఎదుట చిరుతలు పట్టి అడుగులు నేర్చుకొనేవారు. నెలల తరబడి సాగే ఆ అభ్యాసంలో వేరువేరు వాడలవారు, వేరువేరు కులాలవారు ఒకే తాళానికి అడుగు వేయవలసిందే. రామునిగా ఒకడు, రావణునిగా ఒకడు వేషం కట్టి జీవితాంతం విడదీయరాని మిత్రులైనవారిని చూచాను. ఇంటింటికీ టీవీ వచ్చిన తరువాత ఆ రాత్రులు తగ్గాయి. అయ్యప్ప దీక్ష కొంతవరకు ఆ లోటు తీర్చింది. నలుబది ఒక్క రోజులు అందరూ ఒకరినొకరు స్వామీ అని పిలుచుకొంటారు, ఒకచోట వండుకొని తింటారు, అధికారి పక్కన ఆటో నడిపే అతడు నేల మీద పడుకొంటాడు. అయితే మాల తీసిన మరునాడు చాలామంది పాత పిలుపులకు తిరిగిపోవడం కూడా చూస్తున్నాం. వేషం తీసినా స్నేహం మిగలాలంటే మధ్యలో ఒకరికొకరు ఏదైనా బాకీ పడి ఉండాలి.

మన జిల్లాలోనే మరొక సంగతి ఉంది. మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. యాభై టీఎంసీల నీరు నిలిచే ఆ సాగరం కోసం వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అక్కడివారికి గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీ కట్టారు. నీళ్ళు అవసరం, దానిని గురించి నేను వాదించబోవడం లేదు. పరిహారం లెక్కల్లో ఇల్లు ఉంటుంది, భూమి ఉంటుంది, చెట్టు ఉంటుంది, పొరుగువాడు ఉండడు. అరవై ఏళ్ళ వయసులో కొత్త వీధిలో కొత్త గడప ముందు కూర్చున్న మనిషికి ఈ వయసులో స్నేహాలేమిటి అని చెప్పగలమా?

నా సంగతికి వస్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి నా భార్యకు ఆయాసం వచ్చింది. 108కి ఫోను చేశాను, వాహనం వచ్చింది, ఆసుపత్రిలో చేర్చుకొన్నారు. పిల్లలిద్దరూ దూరదేశంలో ఉన్నారు. లోపల ఒక మనిషి, బయట మందులకూ రక్తానికీ తిరగడానికి ఒక మనిషి కావాలి. ఫోనులోని పేర్లు పైనుండి కిందకు, కిందనుండి పైకి చూచాను. అందరూ మంచివారే. ఒకరికి నిద్ర చెడుతుంది, ఒకరు ఏమనుకొంటారో, ఒకరికి ఇంతకు ముందు మనం ఏమీ చేయలేదు. ఇలా ఒక్కొక్క పేరూ దాటుకొంటూ పోయి చివరకు ఎందుకో చింతమడక రైతు ఒకాయన పేరు దగ్గర ఆగాను. ప్రతి దసరాకూ బంగారం ఇచ్చిపుచ్చుకోవడం తప్ప ఆయనతో నాకు పని పడలేదు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. ఎత్తి ఫోను చేశాను.

తెల్లవారక ముందే కొడుకును వెంటబెట్టుకొని మోటారుసైకిల్ మీద వచ్చాడు. మూడు రోజులు ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. రెండవనాడు టీ తాగుతూ, "ఇరవై ఏండ్ల సంది బంగారం పెట్టుకుంటున్నం సారూ. ఒక్క పనన్న చెప్పకపోతిరి. ఇయ్యాల చెప్పిన్రు" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, సంతోషం ఉంది. నేను ఇరవై ఏళ్ళు ఆయనను ఇబ్బంది పెట్టకుండా ఉన్నాననుకొన్నాను. ఆయనకు మాత్రం ఇరవై ఏళ్ళు నేను తలుపు తీయనట్లు అనిపించింది.

ఆ తరువాత ఎప్పుడు మారిందో తెలియదు గాని, సారూ పోయి బావా వచ్చింది. ఊరి ఆడబిడ్డ భర్తను కాబట్టి ఆ వరుస మొదటి నుండీ ఉన్నదే, పిలవడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఇంతటితో కథ సుఖాంతమని వ్రాయగలను. జరిగింది వేరు. అన్నదమ్ముల మధ్య భూమి పంపకం విషయమై పెద్దమనుషులు కూర్చొనే రోజున నన్ను రమ్మన్నాడు. "బావా, నువ్వు పక్కకుంటె చాలు" అన్నాడు. సరే అన్నాను. ఆ రోజు మనుమరాలు వచ్చిన సంబరంలో పూర్తిగా మరచిపోయాను. ఆయన ఫోను చేయలేదు. నాకు గుర్తు వచ్చేసరికి వారం దాటింది. సిగ్గుతో నేనూ చేయలేదు. ఆ ఏడు దసరాకు నా చేతిలో బంగారం పెట్టి, కౌగిలించుకోకుండా ముందుకు వెళ్ళిపోయాడు. ఊరివారెవరూ గమనించలేదు. నా భార్య గమనించింది.

ఇక్కడ మళ్ళీ కిష్కింధకు పోవాలి. అగ్నిసాక్షిగా జరిగిన ఆ స్నేహం ఎన్నిసార్లు తెగబోయిందో చూడండి. రాముని బలం మీద సుగ్రీవునికి అనుమానం కలిగింది. దుందుభి కళేబరాన్ని తన్నించి, సాలవృక్షాలను ఛేదింపజేసి గాని నమ్మలేదు. రాముడు కోపగించుకోకుండా ఆ పరీక్షకు నిలబడ్డాడు. వాలితో మొదటిసారి పోరులో ఎవరు వాలియో, ఎవరు సుగ్రీవుడో తెలియక రాముడు బాణం వేయలేదు. దెబ్బలు తిని వచ్చిన సుగ్రీవుడు తల వంచుకొని, చంపనని ముందే చెప్పి ఉంటే నేను పోయేవాడినే కాదు కదా అన్నాడు. రాముడు జరిగింది విప్పి చెప్పి, లక్ష్మణునిచేత అతని మెడలో గజపుష్పి మాల వేయించాడు. వర్షాకాలం నాలుగు నెలలు గడిచాక తప్పు అటు జరిగింది. రాజ్యసుఖంలో సుగ్రీవుడు మాట మరిచాడు. లక్ష్మణుడు కోపంతో వింటినారి మోగిస్తూ వచ్చినప్పుడు అతనికి ఎదురు వెళ్ళి చల్లబరచినది తార. ఆమె భర్త తప్పును లేదనలేదు, సమర్థించనూ లేదు. తప్పును తప్పుగా ఒప్పుకొని, మనసును మనసుగా చూపింది. సుగ్రీవుడు వచ్చి క్షమాపణ అడిగాడు, రాముడు హత్తుకొన్నాడు. వాల్మీకి చెప్పిన స్నేహంలో అనుమానం ఉంది, పొరపాటు ఉంది, మరపు ఉంది. మనం పరిచయస్థుల దగ్గర ఇవేవీ జరగకుండా జాగ్రత్తపడతాం. జరిగితే పరిచయాన్నే వదులుకొంటాం.

నా భార్య నన్ను తార అంత మెత్తగా అనలేదు. "ఆయన ఆసుపత్రిలో మూడు రోజులు కూర్చున్నాడు, నీవు ఒక్క పూట కూర్చోలేకపోయినవు" అన్నది. మరునాడే బస్సెక్కి చింతమడక వెళ్ళాను. ఆయన ఇంటి గడప ఎక్కుతుంటే ఒక విషయం తట్టింది. ఇరవై రెండేళ్ళలో నేను ఆ ఇంటిలో అన్నం తినలేదు. మంచినీళ్ళు, టీ, అంతే. ఆయన మా ఇంట ఎన్నిసార్లు తిన్నాడో లెక్క లేదు. తీరిక లేదనీ, ఇంకోసారి అనీ చెప్పిన ప్రతిసారీ ఆయన నన్ను అడగడం మానుకొంటూ వచ్చాడు. దానికి వెనుక పాత కట్టుబాట్లు ఏవీ లేవని ప్రమాణం చేసి చెప్పలేను. ఆసుపత్రి వరండాలో ఆయన చేతి టీ తాగినప్పుడు గుర్తుకు రాని సంగతి, గడప దగ్గర గుర్తుకు వచ్చింది.

"మరిచిపోయిన. నాదే తప్పు" అన్నాను. ఇంకేమీ వివరించలేదు. ఆయన కొంతసేపు పలకలేదు. "పెద్దమనుషులు అయితె కూసున్నరు, అయిపోయింది తీ" అన్నాడు. నేను పోలేదు, అక్కడే కూర్చున్నాను. ఆయన భార్య లోపల నుండి జొన్నరొట్టె కాల్చే చప్పుడు వినిపిస్తున్నది. "ఆకలైతున్నది చెల్లె" అన్నాను. అడిగి తినడం నా జీవితంలో అదే మొదటిసారి. రెండు రొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది. మూడవది ఆయనే తెచ్చి వేశాడు.

ఇప్పుడు శనివారాలు చింతమడక వెళుతున్నాను. హనుమంతుని గుడి అరుగు మీద మరో ఇద్దరు ముగ్గురు కూడా కూర్చుంటారు. ఆయనకు చూపు తగ్గింది, కిష్కింధాకాండ చదివి వినిపించమని అడిగాడు. రోజుకు కొంత చొప్పున చదివి, అర్థం చెబుతున్నాను. సుగ్రీవుడు మాట మరిచిన ఘట్టం వచ్చినప్పుడు నేను కాస్త త్వరగా చదివి దాటబోయాను. "ఆగు బావా, అది మల్లొక్కసారి చదువు" అన్నాడు.